ఆపద్ధనము

ఆపదల నిమిత్తము ధనము దాచుకొనవలెనని మన పెద్దలు బోధించినంత విస్తారముగా, ఆ దాచిన ధనము ఏ రూపమున నుండవలెనో, ఎంత యుండవలెనో, ఆపద వచ్చి మీద పడిననాడు దానిని ఎవరి చేతికి ఎట్లు మార్పవలెనో బోధించినవారు అరుదు. కౌటిల్యుడొక్కడు ఈ విషయమున కొంత దూరము నడచినాడు. రాజు తన కోష్ఠాగారమున చేరిన ధాన్యాదులలో సగము జనపదమునకు కష్టము వచ్చిననాటికై ప్రత్యేకించి యుంచి తక్కిన సగమే వాడుకొనవలెననియు, నిలువయున్న పాత సరకును తీసి దాని స్థానమున క్రొత్తది పోయుచుండవలెననియు అర్థశాస్త్రమున విధించినాడు. అది రాజధర్మము. గృహస్థుడు ఆ శాస్త్రము చదువకయే తన యింటికి తగిన కోష్ఠాగారమును తాను కల్పించుకొన్నాడు: పెరటిలో గాదె, గాదె లేనివానికి పాతర, పాతర లేనివానికి మట్టికుండల దొంతి, ఇల్లాలికి పోపులపెట్టె అడుగు అర, చీరల మడతలు, దేవుని గూటి వెనుక ముంత. వీనిలో ధాన్యము సంగతి వేఱు. అది ఆకలి వేసిననాడు వండుకొని తినదగినది. నాణెము, నోటు అట్టివి కావు. అవి ఎదుటివాడు పుచ్చుకొన్నప్పుడు మాత్రమే ధనము. పుచ్చుకొననన్నాడా, ఒకటి రాగిరేకు, ఒకటి రంగుకాగితము. ఆపద్ధనమును గూర్చిన చిక్కంతయు ఇచ్చటనే యున్నది. పెట్టెలో ఎంత యున్నదన్న ప్రశ్నకంటె, పెట్టెలోనిది అంగడివాడు తీసికొని మిగిలినది తిరిగి ఈయగలడా యన్న ప్రశ్న గట్టిది. నేను చూచినంతలోను, చదివినంతలోను, ఈ దేశమున సంక్షోభము వచ్చినప్పుడెల్ల బజారునుండి ముందుగా మాయమగుచు వచ్చినది చిల్లర.

2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారమునాడు హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముమీదనే తీరము దాటినది. తుఫానులు మా తీరమునకు క్రొత్త కావు గాని, అవి సాధారణముగా ఊరికి ఎగువనో దిగువనో దాటి, పట్టణవాసులకు ఒకటి రెండు దినముల వాన మిగిల్చి పోవుచుండెడివి. ఈసారి పెనుగాలి విమానాశ్రయము పైకప్పు మొదలుకొని మా వీధి చివరి గానుగచెట్టు వఱకు దేనిని విడువలేదు. మఱునాటి ఉదయమునకు కరెంటు లేదు, కుళాయి లేదు, టెలిఫోను లేదు. బ్యాంకులో ఎంత నిలువయున్నవానికైనను ఆ నిలువ ఒక వదంతితో సమానమైనది. ఏలనన, సొమ్ము నిచ్చు యంత్రమునకు విద్యుత్తు లేదు, విద్యుత్తున్నచోట దానికి బ్యాంకుతో సంబంధము లేదు.

ఆ వారములో ఒకనాటి ఉదయమున మా వీధి మలుపునందలి కిరాణాకొట్టు షట్టరు సగము ఎత్తి యుండెను. లోపల కొవ్వొత్తి వెలుగున షావుకారు. బయట చుట్టుప్రక్కల అపార్టుమెంట్లవారమందఱము. పాలపొడి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బిస్కట్లు, ఇంతకు మించి ఎవరును అడుగుటలేదు. నా ముందు నిలుచున్న రిటైరైన ఇంజనీరుగారు వేయి రూపాయల నోటు చాచి నాలుగు కొవ్వొత్తులు, ఒక అగ్గిపెట్టె ఇమ్మనిరి. షావుకారు నోటువైపు చూడనైన చూడలేదు.

“చిల్లరుంటే ఇవ్వండి బాబూ. తెల్లారినప్పట్నుంచీ అందరూ ఇవే నోట్లు. నేనెక్కణ్ణుంచి తెచ్చేది?”

“పోనీ, మిగతాది నీ దగ్గరే ఉంచవయ్యా. తర్వాత తీసుకుంటాను.”

“ఉంచుతాను, రాసుకుంటాను. ఇలా ఎంతమందివి రాసుకోను బాబూ? మీరొచ్చి అడిగేసరికి ఇవ్వడానికి నా గల్లాలో ఉండాలి కదా.”

ఈ సంభాషణము సాగుచుండగనే, మా అపార్టుమెంటులో నాలుగిండ్ల గిన్నెలు తోమెడి ఆమె ప్రక్కనుండి వచ్చి, కొంగుముడి విప్పి, నలిగి మెత్తబడిన పదిరూపాయల నోట్లు కొన్ని, రెండురూపాయల బిళ్ళలు కొన్ని బల్లమీద పోసి, పాలపొడి పొట్లము, కొవ్వొత్తులు పుచ్చుకొని తన దారిని తాను పోయినది. షావుకారు ఆ నోట్లను ఒక్కొక్కటిగా బొటనవ్రేలితో చదును చేసి, గల్లాపెట్టెలో వేయక చొక్కా లోపలి జేబులో దాచుకొనెను. జీతములు, పింఛనులు, డిపాజిట్లు గల మేమందఱము ఆ దృశ్యమును చూచుచు నిలిచితిమి. తరువాత ఇంజనీరుగారికే ఉపాయము తోచినది. మేము కొందఱము కలిసి ఒక వేయినోటుకు సరిపడు సరకు ఒక్క పద్దుగా కొని, అపార్టుమెంటు మెట్లమీద కూర్చుండి పంచుకొంటిమి. ఎవరికెవరు ఎంత బాకీయో సిగరెట్టుపెట్టె అట్టమీద వ్రాసికొంటిమి. ఆ అట్టయే ఆ వారమునకు మా రిజర్వు బ్యాంకు.

ఇది హుద్‌హుద్ కల్పించిన వింత కాదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున వెండి చాలక, టంకశాలలు కావలసినన్ని రూపాయలు పోయలేక, 1917 నవంబరు 30వ తేదీన భారతప్రభుత్వము మొట్టమొదటిసారిగా ఒక రూపాయి నోటును, మఱి కొలదికాలమునకు రెండున్నర రూపాయల నోటును వెలువరించినది. జనము కాగితమును చూచి శంకించిరి. శంకించినకొలది వెండి రూపాయలకై ఖజానాలమీద పడిరి. పడినకొలది ఖజానాలలో వెండి తఱిగినది. తుదకు 1918లో అమెరికా శాసనసభ పిట్‌మన్ చట్టమనుదానిని చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లను కరగించి అమ్మినగాని ఇచ్చటి నోటుకు మాట దక్కలేదు. ఆ సంవత్సరముననే నిజాము రాజ్యమున కూడ ఉస్మానియా సిక్కా నోట్లకు చట్టము పుట్టినది. వడ్లు అమ్మిన సొమ్మును వెండిగానే పుచ్చుకొందునని ఇచ్చటి రైతు పట్టుపట్టుటచేత, అతడు పేరైన వినని వాషింగ్టను నగరమున ఒక శాసనము పుట్టినదని తలచినప్పుడు నాకు విస్మయము కలుగును. రైతునకు ఆ సంగతి తెలిసియుండిన, అతడు మఱింత గట్టిగా పట్టుపట్టి యుండెడివాడేమో.

రెండవ యుద్ధమునను ఇదే కథ. 1940 జూనులో ఫ్రాన్సు పడిపోయినదన్న వార్త వచ్చుటతోడనే, పోస్టాఫీసు సేవింగ్సు ఖాతాలనుండి సొమ్ము తీయువారు, నోట్లిచ్చి రూపాయలు పుచ్చుకొని ఇండ్లలో పాతిపెట్టువారు బయలుదేఱిరి. వ్యక్తిగతావసరమునకు మించి నాణెములు కూడబెట్టుట నేరమని ప్రభుత్వము ఉత్తరువు చేసినది; ఒక రూపాయి నోటును మఱల తెచ్చినది; రూపాయి బిళ్ళలో వెండి పాలును సగమునకు దింపినది. తరువాతి వంతు రాగికంచులది. అణాలు, కాణీలు బజారునుండి అంతర్ధానము కాగా, అంగళ్లలో తపాలాబిళ్ళలు చిల్లరగా చేతులు మారినవి. లోహము కలిసివచ్చుటకై 1943లో నడుమ రంధ్రముతో పోసిన కాణీ వచ్చినది. మా చిన్ననాట పసిపిల్లల మొలత్రాళ్లకు వ్రేలాడిన చిల్లుకాణీ ఆ కఱవుకు మిగిలిన గుఱుతే. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముమీదను కాకినాడమీదను జపాను విమానములు బాంబులు వేసినప్పుడు, పట్టణము విడిచి లోపలి ఊళ్లకు తరలిపోయిన కుటుంబములలో మాది యొకటి. బండివాడు తాతగారు చూపిన నోటును ముట్టలేదట. “కాయితం నాకెందుకు బాబూ, బిళ్ళలుంటే ఎక్కండి” అన్నాడట. అప్పుడు మా నాయనమ్మ, నోములలో ముత్తైదువులకు దక్షిణలిచ్చుటకై కూర్చుకొన్న అణాల సంచి తీసి ఇచ్చి, ఇల్లంతటిని బండి యెక్కించినది. ఆ నోము ఆ యేడు పట్టలేదనియు, పట్టకపోయినను ఫలము దక్కినదనియు ఆమె నవ్వుచు చెప్పుచుండెడిది.

ఇట్టి వేళలయందు జనమును మూఢులని నిందించుట పత్రికలవారికి పరిపాటి. నాకు ఆ నింద సమంజసముగా తోచదు. మనుష్యులు వడ్డీని విడిచికూడ సొమ్ము చేతనుంచుకొనుటకు గల హేతువులలో ముందుజాగ్రత్త యొకటియని ఆంగ్ల ఆర్థికశాస్త్రజ్ఞుడు కీన్సు 1936లో ప్రకటించిన గ్రంథమున గణించెనే గాని, దానిని వెఱ్ఱి యనలేదు. మా తాతగారి ఊరిలో, చెఱువు నీరు తగ్గినదన్న మాట పుట్టిన రాత్రి, ప్రతి రైతును లాంతరు పట్టుకొని పోయి తన మడిగట్టున కాలువకు అడ్డుకట్ట వేసికొనెడివాడు. తెల్లవాఱునప్పటికి చెఱువులో నీరుండియు చివరి మడికి చుక్క పాఱకపోయెడిది. వారిలో ఎవడును అవివేకి కాడు. తన ప్రక్కవాడు కట్ట వేయునని ఎఱిగిన పిదప తాను వేయకుండుటయే అవివేకము. 1948లో రాబర్టు మెర్టన్ అను అమెరికా సామాజికశాస్త్రజ్ఞుడు, దివాలా తీయునన్న పుకారుచేతనే నిజముగా దివాలా తీసిన బ్యాంకును ఉదాహరణముగా గైకొని, జనుల నమ్మకముచేత నిజమగు అబద్ధములను గూర్చి ఒక వ్యాసము వ్రాసినాడు. దానికి జపానులో జరిగిన ముచ్చట చక్కని వ్యాఖ్యానము. 1973లో, అరబ్బు దేశములు చమురు బిగించిన శరత్తున ఆ దేశపు గృహిణులు మరుగుదొడ్డి కాగితమునకై అంగళ్లమీద పడిన తరువాత, డిసెంబరు మాసమున ఐచి ప్రాంతపు రైలులో హైస్కూలు బాలికలు కొందఱు మాటలాడుకొనుచు, టొయొకవా పరపతి బ్యాంకులో కొలువు కుదిరిన తోటి బాలికతో ఆ ఉద్యోగము ప్రమాదము సుమా యనిరి. దొంగలు పడుదురని వారి భావము. ఆ మాట అత్తలనుండి అంగళ్లకు, అంగళ్లనుండి ఫోనులకు ప్రాకి, కొలదిదినములలో బ్యాంకే ప్రమాదమున నున్నదన్న మాటయై, ఏ లోపమును లేని ఆ బ్యాంకు ముందు ఖాతాదారులు వరుసలు కట్టిరి.

మనకు ఇటీవలి కాలమున తగిలిన పెద్దదెబ్బ ఇందుకు విపరీతమైనది. హుద్‌హుద్‌నాడు నోటు మంచిదైయుండి చిల్లర లేకపోయినది. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి చేసిన ప్రకటనతో నోటే నోటు కాకపోయినది. ఐదువందల, వేయి రూపాయల నోట్లు రద్దయినవి. చెలామణిలో నున్న సొమ్మున విలువనుబట్టి నూటికి 86 పాళ్లు ఆ నోట్లే. 1946లోను, 1978లోను పెద్దనోట్లు రద్దయినవి గాని, ఆనాటి పెద్దనోటు సామాన్యుని యింటికి దారి యెఱుగదు. ఈసారి అది ప్రతి పోపులపెట్టెలోను ఉండినది. మా మేనత్త యింట ఇంగువ డబ్బాలలో ఉండినది. ఆమె నన్ను పిలిపించి, వంటింటి తలుపు ఓరగా వేసి, రేకుడబ్బాలు వరుసగా పీటమీద పెట్టినది.

“ఒరే అబ్బాయ్, ఈ సంగతి మీ మావయ్య చెవిన పడకూడదు సుమా.”

“ఎంతుంటుందత్తా?”

“నేనెన్నడు లెక్కపెట్టానురా? అవసరానికి తీస్తాను, మిగిలితే వేస్తాను. నీ ఇంజనీరింగు ఫీజు ఓసారి ఇందులోంచే వెళ్ళింది, తెలుసా?”

నాకు తెలియదు. నలువది ఏండ్లపాటు మా నాన్న పంపినదే యనుకొన్న ఆ సొమ్ము రహస్యము పెద్దనోట్ల రద్దు వలన బయటపడినది. బ్యాంకులో వరుస వీధి మలుపు తిరిగినది. మేనత్తకు కుర్చీ యిచ్చినవారు కలరు. క్యాషియరు కట్ట విప్పి, ముక్కు దగ్గఱకు తెచ్చుకొని, “ఇంగువ చాలా మంచిదమ్మగారూ, ఎక్కడ కొంటారు?” అని యడిగినాడు. ఆమె లజ్జపడలేదు, కొట్టు పేరు చెప్పినది. బదులుగా వచ్చినవి క్రొత్త రెండువేల నోట్లు. గులాబిరంగు నోటును అటునిటు త్రిప్పి చూచి, “ఇది డబ్బా, శుభలేఖా?” అన్నది. ఆమె ప్రశ్న పరిహాసము కాదు. ఆ నోటుతో రెండు కట్టల తోటకూర కొనుట శుభలేఖతో కొనుటయంత కష్టము. పాత ఐదువందలు పోయినవి, క్రొత్త ఐదువందలు ఇంకను రాలేదు, వందనోట్లు చేజిక్కించుకొన్నవారు విడువరు; క్రొత్తనోట్ల కొలత వేఱగుటచే యంత్రములను కూడ సవరింపవలసి వచ్చినది. ఆ నెలలలో మా వీధి నడచినది కిరాణాకొట్టు ఖాతాపుస్తకముమీద, పాలవాని జ్ఞాపకశక్తిమీద. రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు తిరిగి చేరినవని రిజర్వు బ్యాంకు పిదప లెక్క తేల్చినది; రెండువేల నోటును 2023 మే 19వ తేదీన ఉపసంహరించినది. నల్లధనమును గూర్చిన వాదము పండితులకు విడుతును. ఇంతమాత్రము చెప్పగలను: ఆ రోజులలో మేనత్త డబ్బాలనుండి వెలికివచ్చిన సొమ్ములో ఆమెకు నిజముగా అక్కఱకు వచ్చినది, ఆవాల అరలో మఱచిపోయిన పదులు, ఇరువదులు.

ఆ నవంబరుననే, ప్రకటన జరిగిన వారము తిరుగకముందే, ఢిల్లీలోను ఉత్తరప్రదేశమునను ఉప్పు కఱవు వచ్చినదని పుకారు లేచి, జనము రాత్రివేళ అంగళ్లకు పరుగులెత్తిరి. మూడువైపుల సముద్రము గలిగి, ప్రపంచమున ఉప్పు పండించు దేశములలో ముందువరుస నున్న దేశమున ఉప్పునకు వరుసలు! నవ్వు వచ్చును గాని, చేతనున్న సొమ్ముమీద నమ్మకము చెడినవాడు, చెడనిదానిని దేనినో చేతబట్టవలెనని ఆరాటపడుట సహజమే, ఉప్పు చెడదు.

2018 ప్రారంభమున తెలుగునాట రెండు రాష్ట్రములలోను ఏ.టి.యం.ల ముందు ‘నో క్యాష్’ అట్టలు వ్రేలాడినవి. ఎన్నికలని కొందఱు, రెండువేల నోట్లు దాచుటయని కొందఱు చెప్పిరి గాని, నేను వరుసలలో నిలిచి విన్న మాట వేఱు. డిపాజిట్లకు సంబంధించిన ఎఫ్.ఆర్.డి.ఐ. బిల్లు పార్లమెంటు ముందుండెను. బ్యాంకు మునిగిన ఖాతాదారుల సొమ్మును కూడ దానికి జమకట్టుకొందురని భయము వ్యాపించి, తీసిన సొమ్ము మఱల బ్యాంకు గడప త్రొక్కలేదు. ఆ బిల్లును ఆ యేటి ఆగస్టులో ప్రభుత్వము ఉపసంహరించుకొన్నది. డిపాజిట్లకు 1962 నుండియు బీమా కలదు; అది 1993 నుండి లక్ష రూపాయల యొద్దనే నిలిచియుండి, 2020 ఫిబ్రవరిలో ఐదు లక్షలకు పెరిగినది. ఈ సంగతి ఆ వరుసలో ఎవరును ఎత్తలేదు. ఎత్తినను ఆ గడియలో చెవికెక్కి యుండదు.

ఆ గడియయే నా దృష్టిలో సమస్తమును. ఒక బస్తా బియ్యము అదనముగా కొనుట పాపమా పుణ్యమా యన్నది బస్తానుబట్టి తేలదు, కొన్న దినమునుబట్టి తేలును. తుఫాను ఊసు లేని మాఘమాసమున అదనపు బస్తా కొన్నవాని మూలమున ఎవనికిని లోటు లేదు. షావుకారు దాని స్థానమున మఱొకటి తెప్పించును. హెచ్చరిక వచ్చిననాడు ఆ గృహస్థుడు ఇంట కూర్చుండును. వరుసలో అతని చోటు మఱొకనికి దక్కును. అదే బస్తాను హెచ్చరిక వెలువడిన సాయంకాలము కొన్నవాడు, అదే ధర చెల్లించియు, వెనుక నిలిచినవాని వంతును మోసికొని పోవుచున్నాడు. దినకూలి తెచ్చి దినము వండుకొనువానికి మాఘమాసమున కొనుటకు శక్తి లేదు. సాయంకాలమున కొనుటకు సరకు లేదు. కావున, శక్తిగలవాడు ముందుగా దాచుకొనకుండుట నిరాడంబరత్వమని నేను అనుకొనను. అది తన భారమును ఆపద్దినమున బీదవాని వరుసమీద మోపుటయే.

2023 జూలై 20వ తేదీన బాస్మతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని భారతప్రభుత్వము నిషేధించిన వార్త అమెరికా చేరినప్పుడు, అచ్చటి తెలుగువారు సోనామసూరికై అంగళ్ల ముందు వరుసలు కట్టిరి. కుటుంబమునకు ఒక్క బస్తాయని అట్టలు వ్రేలాడినవి. ధర కొన్నిచోట్ల రెట్టింపైనది. డల్లాసు సమీపమున నున్న మా చెల్లెలి కుమారుడు ఆ రాత్రి ఫోను చేసెను.

“మావయ్యా, ఐదు బస్తాలు దొరికాయి. మూడు కొట్లు తిరిగాను.”

“మీరిద్దరే కదరా. వారానికి నాలుగు పూటలు పాస్తా అంటావు. ఐదు బస్తాలెందుకు?”

“అందరూ తీసుకుంటున్నారు మావయ్యా. నేనొక్కణ్ణీ ఒకటి తెచ్చుకుంటే ఏం బాగుంటుంది?”

ఇరువదేసి పౌండ్ల ఆ బస్తాలు కారుషెడ్డులో నిలువయై, సంవత్సరము తిరుగకముందే ముక్కపురుగు పట్టినవి. లోకమున బియ్యము లేకపోలేదు, నిషేధమునకు పూర్వమే ఓడ యెక్కిన బియ్యము ఆ దేశమున నిండుగా నుండెను. లేనిది ఆ వారాంతమునకు కొట్టులో పేర్చిన బస్తా మాత్రమే. 2024 జనవరి మొదటివారమున లారీడ్రైవర్ల సమ్మె మూలమున హైదరాబాదు పెట్రోలు బంకులు క్రిక్కిఱిసినప్పుడును ఇంతే. ఆనాడు భోజనము చేరవేయు కుఱ్ఱవాడొకడు వరుసలో నిలువనొల్లక గుఱ్ఱమెక్కి పోయిన బొమ్మను దేశమంతయు చూచి నవ్వినది. నాకు మాత్రము ఆ నగరమున ఆనాడు సావధానముగా ఆలోచించినవాడు అతడొక్కడే యనిపించినది.

కరోనానాటి తాళములు ఇంకను అందఱికి జ్ఞాపకమే గనుక విస్తరింపను. 2020 మార్చి 24వ తేదీ, మఱల రాత్రి ఎనిమిది గంటలకే, ఇరువదియొక్క దినముల లాక్‌డౌన్ ప్రకటన వచ్చినది. అర్ధరాత్రిలోపల అంగళ్లు ఖాళీ యైనవి. విచిత్రమేమనగా, బయటకు పోయి ఖర్చు చేయుటకు వీలులేని ఆ 2020-21 సంవత్సరమున చెలామణిలోని నోట్ల విలువ 16.8 శాతము పెరిగినది, నోట్ల సంఖ్య 7.2 శాతమే పెరిగినది. అనగా జనము దాచినవి పెద్దనోట్లు. దాచుకొనువాని చేయి ఎల్లప్పుడు పెద్దనోటువైపే పోవును; కట్ట చిన్నదగును, గుండె నిబ్బరమగును. అక్కఱ పడినవాడు వెదకునది చిన్ననోటును.

ఇప్పుడు చిల్లరకు మఱొక గతి పట్టినది. పూర్వము అంగడివాడు రూపాయి తిరిగి ఈయలేక చాక్లెట్టు చేతిలో పెట్టెడివాడు. యుద్ధకాలపు తపాలాబిళ్ళకు అది మనుమడు. నేడు ఆ చాక్లెట్టు కూడ లేదు. అరటిపండ్ల బండిమీద సయితము పలుకుడుపెట్టె యొకటి కూర్చుండి, వచ్చిన సొమ్మును పేరు పెట్టి ప్రకటించుచున్నది. కొనువాని చేత నోటు లేదు, అమ్మువాని గల్లాలో చిల్లర లేదు. ఆ యంత్రము తడబడిన నాడు ఇద్దఱి మధ్య ఏమియు లేదు. 2025 ఏప్రిల్ 12వ తేదీన యు.పి.ఐ. కొన్ని గంటలు దేశమంతట తడబడినప్పుడు, టిఫిను తినివేసి చేయి కడుగుకొన్నవారు హోటలు గల్లాయొద్ద నిలిచిన భంగిమలు చూడదగినవి. ఆ నెలాఖరున, 28వ తేదీన, స్పెయిను, పోర్చుగలు దేశములలో ఒక్కసారిగా విద్యుత్తు పోయి కార్డులు మూగవోయినప్పుడు రొట్టెయు, రేడియోయు, బ్యాటరీయు దొరికినది జేబులో నాణెములున్నవారికే. నగదు వాడకము దాదాపు మానివేసిన స్వీడను దేశము, యుద్ధమో విపత్తో వచ్చిననాడు ఏమి చేయవలెనో తెలుపుచు 2024లో ఇంటింటికి పంపిన చిన్నపుస్తకమున, వారమునకు సరిపడు నగదును వేఱువేఱు విలువల నోట్లలో ఉంచుకొనుడని చెప్పినది. వేఱువేఱు విలువలన్న ఆ చిన్నమాటను అందు చేర్చినవాడు తప్పక ఏదో ఒకనాడు కిరాణాకొట్టు ముందు పెద్దనోటుతో నిలిచినవాడై యుండును. మన దేశమున 2025 మే నెలలో, పాకిస్థానుతో పోరు సాగుచుండగా, ఏ.టి.యం.లు మూతబడునని వాట్సాపులో వచ్చిన మాట అబద్ధమని ప్రభుత్వమే ప్రకటింపవలసి వచ్చినది.

మా ఇంట నేను ఏర్పఱచినది స్వల్పమైన విధానము. ఒక వారమునకు పాలు, కూరలు, ఆటో, నా రక్తపోటు మాత్రలు, ఇంతకు సరిపడు సొమ్ము. పదులు, ఇరువదులు, ఏబదులు, కొన్ని వందలు. ఐదువందల నోటుకు ఆ డబ్బాలో ప్రవేశము లేదు; దాని చోటు బ్యాంకు. డబ్బా ఇంటిలో అందఱికి తెలిసినచోటనే యుండును, ఏలనన ఆపదనాడు నేను ఇంట లేకపోవచ్చును. కౌటిల్యుడు ధాన్యమునకు చెప్పినట్లు పాతవి వాడి క్రొత్తవి పోయుదుము. దీనియందు కష్టమెల్ల పోయుటలోనే యున్నది. బ్యాంకులో పదిరూపాయల కట్ట అడిగిన, కౌంటరు వెనుకనున్న అమ్మాయి నన్ను పెండ్లివారి బంధువునుగా భావించి, “చదివింపులకా సార్?” అని యడిగి, ఇంకొకనాడు రమ్మనును. నాణెములు మాత్రము కావలసినన్ని ఇత్తురు, ముఖ్యముగా పదిరూపాయల బిళ్ళలు. వారికవి వదలిన చాలును. ఏలనన, ఆ బిళ్ళ చెల్లదని తెలుగునాట ఎన్నడో ఒక పుకారు పుట్టి నేటికిని చావలేదు. వేఱువేఱు కాలములలో పోసిన పదునాలుగు విధముల బిళ్ళలును చెల్లునని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో విశదముగా ప్రకటించినది. ఆ మాటనే ఒకనాడు రైతుబజారులో కూరలమ్మి ముందు నేను సవిస్తరముగా ఉపన్యసించితిని. ఆమె వంకాయలు తూచుట ఆపి, బిళ్ళను నా వైపునకు నెట్టినది.

“ఆ బేంకోలొచ్చి నా కాడ వంకాయలు కొంతారేటి బాబూ? రేపు నాను పాలోడికిస్తే ఆడు పుచ్చుకోడు. నోటుంటే ఇయ్యండి.”

“నోటు లేదమ్మా. చిల్లర లేదు చిల్లర లేదని నువ్వే కదా రోజూ అంటావు? ఇది చిల్లరే కదా.”

“సిల్లరే బాబూ. సెల్లని సిల్లర.”

నోటిచ్చి కూరలు తెచ్చుకొంటిని. ఆ బిళ్ళలు డబ్బాలో ఒక ప్రక్కన అట్లే యున్నవి. రాబోవు తుఫానునాటికి అవి చెల్లునో చెల్లవో రిజర్వు బ్యాంకు ఇదివఱకే చెప్పినది. కూరలమ్మి ఇంకను చెప్పవలసి యున్నది.